మా గల్లీ మీ నక్షాలో ఏ రంగు?

అభిప్రాయ సేకరణ అనే మాట వింటే మాకు భయం. సర్కారు భాషలో సేకరణ అంటే తీసుకుపోవడం. పన్నుల సేకరణ, ధాన్యం సేకరణ, భూసేకరణ. ఆ వరసలోదే అభిప్రాయ సేకరణ. మా దగ్గర్నుంచి తీసుకుపోయిన అభిప్రాయం ఏ బస్తాలో పోశారో, ఏ గోదాములో పడేశారో ఇంతవరకూ మాకు చెప్పినవాడు లేడు.

మాది ఇబ్రహీంపట్నం. ఊరి పేరులో గోల్కొండ సుల్తాన్ ఉన్నాడు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనాటిదని చెప్పుకునే పెద్దచెరువు ఉంది. పేరు విని ఊరంతా మాదే అనుకునే అమాయకులున్నారు. మాకున్నవి గల్లీలు. వెల్డింగ్ షాపులు, పంక్చర్ దుకాణాలు, కుట్టు మిషన్లు, పండ్ల బండ్లు. ముందు గదిలో మిషన్, వెనక గదిలో పడక, వాకిట్లో బక్రీద్ కోసం పెంచుకునే మేకపిల్ల. ఇల్లే దుకాణం, దుకాణమే ఇల్లు. మాస్టర్ ప్లాన్ గీసే ఇంజనీరుకు ఇది తలనొప్పి. నివాసమైతే పసుపు పూస్తాడు, వ్యాపారమైతే ఇంకో రంగు. పగలు కార్ఖానా, రాత్రి పడకగది అయ్యే పది అడుగుల జాగాకు ఏ రంగు పూయాలో అతను చదివిన పుస్తకంలో లేదు. అడిగితే మేం చెప్పేవాళ్లం. అడగలేదు.

ఈ 20 ఏళ్లలో మా చుట్టూ ఎన్ని గీతలు పడ్డాయో చూడండి. 2008లో హుడా పోయి హెచ్‌ఎండీఏ వచ్చింది. 2013 జనవరిలో 2031 దాకా నడిచే మాస్టర్ ప్లాన్‌కు జీవో ఇచ్చారు. ఔటర్ రింగ్ రోడ్డు పడింది. ఆదిబట్లలో విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీ లేచాయి. యాచారం, కందుకూరు దిక్కు ఫార్మా సిటీ అన్నారు. 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అథారిటీ పుట్టింది: 7 మండలాలు, 56 గ్రామాలు. ఇబ్రహీంపట్నం మండలంలోని కొన్ని ఊళ్లూ అందులోకి పోయాయి. రాత్రి పడుకున్నప్పుడు ఒక అథారిటీ కింద పడుకొని, పొద్దున ఇంకో అథారిటీ కింద లేచినవాళ్లం మేము. ఇప్పుడు 2050 నాటి మాస్టర్ ప్లాన్ మాట నడుస్తోంది. అందుకే ఇప్పుడే మాట్లాడుతున్నాం. ముసాయిదా అచ్చయ్యాక మాట్లాడితే దాన్ని అభ్యంతరం అంటారు. అభ్యంతరం అంటే అడ్డం. మేము అడ్డం కాదలచుకోలేదు. మొదటే కూర్చోవాలనుకుంటున్నాం.

చట్టప్రకారం అన్నీ చేశామంటారు. నిజమే, చేస్తారు. నోటీసు వేస్తారు, గడువు పెడతారు, నక్షాను ఆఫీసు గోడకు వేలాడదీస్తారు. ఒకసారి అలాంటి గోడ ముందు మేమూ నిలబడ్డాం. మాతో వచ్చిన పెద్దాయన 40 ఏళ్లుగా ఇదే ఊర్లో తాపీ పని చేసినవాడు. ఈ ఊర్లో ఏ ఇంటికి పునాది ఎంత లోతో ఆయన చెప్పగలడు. నక్షాలో తన ఇల్లు మాత్రం చూపించలేకపోయాడు. సర్వే నంబర్ తెలుసా అన్నాడు గుమాస్తా. తెలియదు. ఇంటి నంబర్ చెప్పాడు, దానికి నక్షాలో జాగా లేదు. మసీదు పక్కన అన్నాడు, మసీదుకూ లేదు. చెరువు కట్ట నుంచి వేలితో లెక్కబెట్టుకుంటూ వచ్చి ఒక మడతమీద ఆగాడు. కాగితం మడత పడ్డచోట సిరా చెరిగిపోయింది. ఇదేనేమో సాబ్, అన్నాడు. ఆయన అభిప్రాయాన్ని ఏ ఫారంలో రాయమంటారు?

భాష ముచ్చటకు వద్దాం. 2017లో ఉర్దూను తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష చేశారు. అసెంబ్లీలో బల్లలు చరిచారు, మేమూ సంతోషపడ్డాం. బోర్డులమీద ఉర్దూ అక్షరాలు వచ్చాయి, కొన్ని తప్పులతో. జోనింగ్ నియమాలు ఉర్దూలో చదివినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ముందుకు రండి, చాయ్ తాగిస్తాం. అట్లాగని ఉర్దూలో అచ్చేస్తే మా పని అయిపోతుందనీ కాదు. మా ఊళ్లలో మాలో సగంమంది తెలుగులో చదువుకున్నవాళ్లు, తెలుగులో బేరమాడేవాళ్లు, ఉర్దూలో ఏడ్చేవాళ్లు. తెలుగు నోటీసులోని భాషేమో తెలుగువాళ్లకూ అందదు. భూ వినియోగ మార్పిడి, ఉపాంత పట్టణ మండలం, ప్రతిపాదిత విస్తరణ. మా పక్కింటి యాదవుల ముసలమ్మకు ఇవి అర్థమైతే మాకూ అర్థమైనట్టే. మాకు రెండు నాలుకలున్నాయి. రెంటిలో దేనితోనూ మమ్మల్ని అడగలేదు.

ఇది ఒక్క ఇబ్రహీంపట్నం గొడవ అనుకునేవాళ్లు సాగర్ రోడ్డు పట్టుకొని పట్నంలోకి రండి. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున మూసానగర్ కనబడుతుంది. మావాళ్లు ఎక్కువగా బతికిన బస్తీ. 2024 సెప్టెంబర్‌లో రెవెన్యూవాళ్లు వచ్చి గోడలమీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. అక్టోబర్ మొదట్లో కూల్చివేతలు మొదలయ్యాయి. మూసీని ఎట్లా బాగుచేస్తారో చెప్పే పూర్తి ప్రాజెక్టు నివేదిక అప్పటికి తయారు కాలేదు. దాన్ని తయారు చేయడానికి కన్సల్టెంట్ కంపెనీలకు 141 కోట్ల రూపాయల కాంట్రాక్టు అని ప్రభుత్వమే చెప్పింది. అంటే నక్షా ఇంకా కడుపులో ఉండగానే గోడమీద గుర్తు పడింది. ప్లాన్ లేకుండానే ఏ ఇల్లు పోవాలో తెలిసిపోయింది. నది ఎట్లా ఉండాలో చెప్పడానికి సింగపూర్ కంపెనీకి కోట్లు ఇస్తారు. ఆ నీళ్లు ఏ ఏడు ఏ మెట్టుదాకా వచ్చాయో చెప్పగలిగిన మూసానగర్ అమ్మమ్మకు ట్రాలీ ఆటో పంపిస్తారు, సామాన్లు సర్దుకొమ్మని.

వరద లేదని మేము అనడం లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ ఏం చేసిందో మా తాతల తాతలు చెప్పి పోయారు. నీళ్లలో మునిగే ఇంట్లో బతకాలని ఎవరికీ మోజు లేదు. కానీ ఎక్కడికి పొమ్మంటారు, ఎవరితో కలిసి, పొద్దున పనికి ఎట్లా రావాలి, పిల్లవాడి ఉర్దూ మీడియం బడి అక్కడ ఉందా, కిరాయికున్నవాడి సంగతేమిటి? ఇవి కూల్చిన తర్వాత అడిగే ప్రశ్నలు కావు.

డబుల్ బెడ్‌రూం ఇస్తున్నాం కదా అంటారు. ఇల్లు ఇస్తే వద్దనే దరిద్రులం కాదు. సికింద్రాబాద్ భోయిగూడ ఐడీహెచ్ కాలనీ చూశాం. పాత ఇళ్లు కూల్చి, అదే జాగాలో 396 ఇళ్లు కట్టి, 2015 నవంబర్‌లో ఆ జనానికే ఇచ్చారు. పక్కింటివాళ్లు పక్కింటివాళ్లుగానే మిగిలారు, పని చేసే చోటు దూరం కాలేదు. తర్వాత కొల్లూరు వచ్చింది. 2023 జూన్‌లో ఒక్కచోటే 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఘనతే. కాకపోతే అది ఊరి చివర. లాటరీలో వచ్చిన ఫ్లాటులో పై అంతస్తు ఎవరో, కింది అంతస్తు ఎవరో. చార్మినార్ దగ్గర గాజులు తయారు చేసే ఆడమనిషికి అక్కడినుంచి పోయి రావడానికి బస్సులెన్ని, పూటెంత? ఐడీహెచ్ నుంచి కొల్లూరుకు వచ్చేసరికి ఇళ్ల లెక్క పెరిగింది, అడగడం మాత్రం తగ్గింది. ఇల్లు అంటే 560 చదరపు అడుగులు అనుకునేవాళ్లు, గల్లీ అంటే ఏమిటో ఎన్నడూ అనుకోలేదు. మా ఆడవాళ్లకు గల్లీయే కాలేజీ, గల్లీయే బ్యాంకు. చిట్టీ అక్కడే, చేబదులు అక్కడే. కాన్పు నొప్పులొస్తే తలుపు కొట్టేది అక్కడే.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మాస్టర్ ప్లాన్ అందరికీ ఒకటే కదా, దీనిలో ముస్లిం ముచ్చట ఎందుకు తెస్తారని మీరంటారు. బాబ్రీ కూలినప్పుడు మీరు మా పక్కన నిలబడ్డారు, మరిచిపోలేదు. కానీ మాకు దెబ్బ తగిలేది గునపాలతోనే అనుకోకండి. పెన్సిల్‌తోనూ తగులుతుంది. మా బస్తీ ఎందుకు చెరువు శిఖంలో ఉంది, ఎందుకు నాలా ఒడ్డున ఉంది? మంచి కాలనీలో కిరాయికి ఇల్లడిగితే పేరు విని తలుపేసుకున్న ఓనర్లను అడగండి. లేఔట్ ప్లాటు కొనేంత జీతం ఎందుకు లేదో 2006 నాటి సచార్ నివేదికను అడగండి. ఎక్కడా జాగా దొరకక నీటి ఒడ్డుకు చేరినవాడిని పట్టుకొని కబ్జాదారు అంటారు. అదే చెరువు చుట్టూ గేటెడ్ కమ్యూనిటీ కట్టి లేక్ వ్యూ అని బోర్డు పెట్టినవాడిని డెవలపర్ అంటారు. ఈ తేడాను మీ భాషలో ఏమంటారో మాకు తెలియదు.

నిజాం పేరెత్తితే మమ్మల్ని ఆయన వారసుల్ని చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకూ చెప్పాలి. వరద తర్వాత 1912లో నిజాం పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వేసింది, పార్కులు వేసింది, మురికి గల్లీలు తీసేసింది, కొన్నిచోట్ల పేదలకు ఇళ్లూ కట్టింది. అడిగి కట్టలేదు. దర్బారులో అడిగే అలవాటు లేదు. రాజులు పోయి ఓట్లు వచ్చి ఇన్నేళ్లయినా ఆ దర్బారు తీరే మిగిలితే, దానికి మేం వారసులమా, మీరా?

మా ఇంటి సంగతీ దాచం. అధికారికి ముస్లింల అభిప్రాయం కావాలంటే మసీదు కమిటీ సదర్‌కు ఫోన్ చేస్తాడు. ఆయన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని వెంటేసుకొని పోతాడు. శాలువా కప్పించుకొని, ఫొటో దిగి వస్తాడు. ముస్లింలను సంప్రదించామని ఫైలులో రాస్తారు. దూదేకులవాళ్లను అడిగారా? దర్గా దగ్గరి ఫకీర్లను అడిగారా? బీడీలు చుట్టే ఆడవాళ్లను ఆ గదిలోకి పిలిచారా? కబ్రస్తాన్ ప్రహరీ తప్ప ఇంకేమీ అడగడం రాని నాయకులు మాకు చాలామంది ఉన్నారు. చచ్చినవాళ్లకు గోడ కావాల్సిందే. బతికున్నవాళ్లకు మోరీ కావాలి, బస్సు కావాలి, మిషన్ పెట్టుకునే అరుగు కావాలి. ఆ సంగతి ఆ గదిలో ఎవరు చెప్పాలి?

అడగకపోతే ఏమవుతుందో కామారెడ్డి చూపించింది. 2023 జనవరిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముందుకొచ్చారు. ఆ దిగులుతోనే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడని ఊరివాళ్లు చెప్పారు. బంద్ జరిగింది. ఆ నెల దాటకముందే మున్సిపల్ కౌన్సిల్ ప్లాన్ రద్దు చేయమని తీర్మానించింది. జగిత్యాలలోనూ వెనక్కి పోయారు. ఆ రైతులకు పట్టా పాసుపుస్తకాలున్నాయి, వందల ట్రాక్టర్లున్నాయి, హైవే ఉంది. నోటరీ కాగితం మీద 60 గజాలు కొనుక్కున్న పంక్చర్ దుకాణం ఖాజా ఏ హైవే మీద కూర్చోవాలి? కూర్చుంటే అతన్ని రైతు అన్నట్టు పౌరుడు అంటారా, ఇంకేమైనా అంటారా?

అడగడం అసాధ్యమేమీ కాదు. లండన్ నగరంలో పాత సర్కారీ ఇళ్ల కాలనీలు కూల్చి కొత్తవి కట్టే పథకాలున్నాయి. 2018 జూలై నుంచి అక్కడొక షరతు పెట్టారు. 150 లేదా అంతకు మించి ఇళ్లు కట్టే అలాంటి పథకానికి మేయర్ నిధులు కావాలంటే ముందు ఆ కాలనీవాళ్ల ఓటింగు జరగాలి. ఓనర్లతో పాటు సర్కారీ ఇళ్లలో కిరాయికున్నవాళ్లకూ ఓటు. మినహాయింపులున్నాయి, ఓటింగు ముందు కాలనీవాళ్లను బుజ్జగించే తంతూ ఉంటుందట. అయినా కాదు అనడానికి ఒక గడి ఉంది ఆ కాగితంలో. 2017లో ఫార్మా సిటీ కోసం యాచారం మండలంలో పెట్టిన ప్రజాభిప్రాయ సభలో పోలీసు బందోబస్తు ఉంది, మైకు ఉంది. ఆ గడి మాత్రం లేదు.

మనకు చట్టాలు తక్కువా? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీల పనుల పట్టికలో మొట్టమొదటి పనిగా రాసింది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులది, మహిళలది, ముసలివాళ్లది, ప్రముఖులది. ఇబ్రహీంపట్నంలోనూ వార్డులున్నాయి. కొత్త ప్లాన్ గీయబోయేముందు ఆ నక్షాను ఒక్కసారి ఆ కమిటీల ముందు పరచండి. గోడకు కాదు, నేలమీద. మా ఆడవాళ్లు చుట్టూ కూర్చొని, ఇది మా గల్లీ, ఇది మోరీ పొంగే మూల, ఇది షబ్నం కుట్టు మిషన్, ఇది పీర్లకొట్టం, ఇక్కడ హిందువుల పిల్లలూ మావాళ్లూ గాలిపటాలెగరేసే జాగా అని మీ పెన్సిల్‌తోనే రాస్తారు. రాసినదాన్ని తీసేయాలనుకుంటే ఎందుకు తీసేస్తున్నారో తెలుగులో, ఉర్దూలో, సంతలో మాట్లాడే మాటల్లో మళ్లీ వచ్చి చెప్పండి. కిరాయికున్నవాళ్ల పేర్లు కూడా రాసుకోండి. సాయంత్రం ఏడు తర్వాత రండి, కూలీకి పోయినవాళ్లు అప్పటికి ఇల్లు చేరతారు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం మీటింగు పెట్టకండి.