ముంపు గీతను దిద్దేదెవరు?

గోదావరి మీది పోలవరం ప్రాజెక్టులో నీటి నిల్వ మొదటి దశ అంటే 41.15 మీటర్ల కాంటూరు (సమాన ఎత్తు గీత), పూర్తి మట్టం అంటే 45.72. సెంటీమీటర్ల దాకా లెక్క చెబుతున్నారంటే ఎంత పక్కాగా కొలిచారో అనిపిస్తుంది. నిజానికి అవి 135, 150 అడుగులే. మీటర్లలోకి మార్చగా వచ్చిపడ్డ దశాంశాలవి. అంకె మీద ఎవరికీ తగవు లేదు. ఆ ఎత్తు ఏ ఊళ్లో, ఎవరి గడప దగ్గర పడుతుందన్నదే తగవు. లైడార్ సర్వే తర్వాత మొదటి దశ ముంపు జాబితాలోకి మరో 36 ఆవాసాలు చేరాయి. అక్కడ నేలేమీ కుంగలేదు, కొలత మారిందంతే.

లైడార్ పైనుంచి లేజర్ కిరణాలు వదిలి కోట్లాది బిందువుల ఎత్తు పట్టుకుంటుంది. అందులో ఆకుల మీద, ఇంటికప్పుల మీద, కరెంటు తీగల మీద పడ్డవీ ఉంటాయి. వాటిని ఏరేసి, నేల మీదివాటిని మాత్రమే త్రిభుజాలుగా అల్లితే డిజిటల్ నేల నమూనా తయారవుతుంది. ఏరివేత చాలావరకు సాఫ్ట్‌వేర్ పని. ఆ తర్వాత తెర ముందు కూర్చున్న మనిషి దిద్దుతాడు. మనం పట్టించుకోనిది ఈ దిద్దుబాటునే.

ఈ ముంపు కోసమే తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన విలీన మండలాల్లో వెదురు పొదలు దట్టం. కిరణం నేలదాకా దిగకుండా పొద మధ్యలోనే ఆగిపోతే, దొరికినవాటిలో అదే కిందిది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్నే నేల అనుకుంటుంది. ఊరి పక్క భూమి కంప్యూటర్లో అరమీటరు లేచి కూర్చుంటుంది. రోడ్డు కట్ట సంగతి ఇంకో తీరు. కట్ట కింద తూము ఉన్నట్టు ఆకాశం నుంచి చూసే లేజర్‌కు తెలియదు. దిద్దేవాడు అక్కడ కట్టకు గండి పెట్టకపోతే నమూనాలో వరద రోడ్డు దగ్గరే నిలిచిపోతుంది. అసలు వరద మాత్రం తూములోంచి ఊళ్లోకి నడిచొస్తుంది. ఇక సర్వేలో వాడే ఉపగ్రహ ఆధారిత పరికరం ఇచ్చే ఎత్తుకూ, సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. దాన్ని సరిచేసే లెక్కలోనూ పొరపాటుకు చోటుంది.

ఎత్తులో 30 సెంటీమీటర్ల తప్పు ఏపాటిదంటారా? నిటారు కొండవాలులో పట్టించుకోనక్కర్లేదు. 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలే పొలాల్లో అయితే ముంపు గీత 150 మీటర్లు జరుగుతుంది. గీతకు ఇవతల ఉన్నవారికి పరిహారం, పునరావాస కాలనీలో ఇల్లు. అవతల ఉన్నవారికి వానాకాలం. పైగా కాంటూరు అనేది నిశ్చలంగా నిలిచిన నీటి గీత. పారే వరద మట్టం ఎగువకు పోయేకొద్దీ పెరుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూనవరం దగ్గర దాని ఉపనది శబరి వెనక్కి తన్నడాన్ని ఏ కాంటూరూ చూపదు. కిన్నెరసాని, ముర్రేడు వాగుల్లో ఉమ్మడి సర్వే జరగాలని తెలంగాణ పట్టుబట్టడం వెనక ఉన్న భయమూ ఇదే.

2022 జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి దేశమంతటికీ ఎత్తు నమూనా సిద్ధం చేస్తామంటోంది: మైదానాలకు 25 సెంటీమీటర్ల స్థాయిలో, కొండ ప్రాంతాలకు 1–3 మీటర్ల స్థాయిలో. మంచిదే. కానీ ఏజెన్సీని కొండ ప్రాంతం కింద జమకట్టి ఆ నమూనాతోనే సరిపెడితే 41.15లో ఆ చివరి 15 సెంటీమీటర్లకు అర్థమే ఉండదు.

కాబట్టి అడగాల్సింది కొత్త యంత్రాలను కాదు. ఏరివేతకు ముందున్న బిందువులను, ఏవి తీసేశారో, ఎక్కడ గండి పెట్టారో, ఎందుకో చెప్పే దిద్దుబాటు చిట్టాను బయటపెట్టమనాలి. పటాలపై ఆంక్షలను కేంద్రం 2021లోనే చాలావరకు సడలించింది కనుక భద్రత సాకు అంతగా నిలవదు. నిర్వాసితులకు ఇవన్నీ అర్థమవుతాయా అన్న ప్రశ్న వస్తుంది. వారు త్రిభుజాలు చదవనక్కర్లేదు. ఎత్తు ముందే తెలిసిన బెంచ్‌మార్కు నుంచి లెవల్ పరికరం, కొలత గీతలున్న కర్ర (స్టాఫ్)తో నడిచొచ్చి, గ్రామసభ చూస్తుండగా బడి గోడ మీద ఆ చోటి ఎత్తు రాస్తే చాలు. నమూనా చెప్పే ఎత్తు దాంతో కలవకపోతే తేడా అక్కడికక్కడే తేలుతుంది. 45.72 మాట ఎత్తేలోపు ప్రతి ఆవాసంలోనూ ఈ పని పూర్తిచేయాలి.