సిగ్గు చాటున పెరిగే వ్యాధి

మశూచిని గురించి, పోలియోను గురించి మనము వ్యాసరచన పోటీలు జరుపుకొన్నాము. కాని కొన్ని వ్యాధుల పేరెత్తగానే తల దించుకుంటాము. తెలుగులో సెగవ్యాధి, ఉర్దూలో సూజాక్, వైద్యుల భాషలో గనేరియా! ఏ భాషలో చెప్పినా గొంతు తగ్గించియే చెబుతాము. ఈ తగ్గిన గొంతే ఆ వ్యాధికి పెట్టని కోట అని నా అభిప్రాయము.

ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ కనుగొన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020లో సుమారు 8 కోట్ల 20 లక్షల మందికి ఇది కొత్తగా సోకినది. స్త్రీలలో తరచు ఏ లక్షణమూ కనిపించదు. లోలోపల గర్భనాళములు దెబ్బతిని సంతానయోగ్యత నశించవచ్చును. ప్రసవ సమయములో శిశువు కన్నులకు సోకి, చికిత్స అందనిచో అంధత్వము కలుగవచ్చును. ఏ పాపమూ ఎరుగని ఆ పసికందుకు మన నీతి ప్రసంగములు చూపు తెచ్చి ఇవ్వగలవా?

మందులున్నవి కదా అనవచ్చును. సల్ఫా మందులు, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒకదాని వెంట ఒకటిగా ఈ క్రిమి ముందు ఓడిపోయినవి. నేడు ప్రధానాధారమైన సెఫ్ట్రయాక్సోన్‌కు సైతము లొంగని క్రిములు కొన్ని దేశములలో బయటపడినవి. కనుకనే టీకా అవసరము.

అయితే అది సులభసాధ్యము కాదు. ఈ క్రిమి తన పైపొరలోని మాంసకృత్తులను మాటిమాటికి మార్చుకొనును. అందుచే ఒకసారి వ్యాధి సోకి నయమైనవారికి కూడ రక్షణ ఏర్పడదు. కొరియాలోని అమెరికా సైనికులపై జరిపిన ఒక టీకా ప్రయోగము విఫలమైనట్లు 1991లో ప్రకటించిరి. ఆశాకిరణము అనుకోని దిక్కునుండి వచ్చినది. న్యూజిలాండులో 2004 నుండి మెదడు పొరల వాపునకు కారణమైన ఒక క్రిమికి విరుద్ధముగా టీకాలు వేసిరి. ఆ క్రిమి, గనేరియా క్రిమి దాయాదులు. ఆ టీకా పొందినవారిలో గనేరియా సుమారు 31 శాతము తక్కువగా ఉన్నట్లు 2017లో వెల్లడైనది. ఆ కోవకు చెందిన టీకాను 2025 ఆగస్టులో ఇంగ్లండు, ప్రమాదము ఎక్కువగా ఉన్నవారికి ఇవ్వనారంభించినది. ఫ్రాన్సులో జరిగిన ప్రయోగములో మాత్రము స్పష్టమైన ఫలితము కనిపించలేదు. అరువు టీకా కొంతవరకే ఆదుకొనును. ఈ వ్యాధికి తనదైన టీకా కావలెను.

టీకా వచ్చినచో యువత చెడిపోవునని కొందరు పెద్దల భయము. గొడుగు చేత ఉన్నదని ఎవరైనా వానను కోరుకొందురా? శీలము నేర్పుట ఇంటి ధర్మము. రోగమును ఆపుట శాస్త్ర ధర్మము. ఒకటి రెండవదానికి అడ్డు కాదు. పైగా, నిప్పు వంటి ఇల్లాలికి సైతము భర్త వలన ఈ వ్యాధి రావచ్చును గదా!

1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశీయముగా తయారుచేసి దేశమునకు అందించినది మన హైదరాబాదే. సైన్సు విద్యార్థులారా, ఈ టీకాకై శ్రమించువారిలో మీరెందుకు ఉండరాదు?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏటా ఒక్కసారి వైద్యులను పిలిపించి, విద్యార్థులకు, విద్యార్థినులకు వేరువేరుగానైనా సరే, ఉర్దూలోను తెలుగులోను ఈ విషయమై ప్రసంగము ఏర్పాటు చేయించండి. టీకా రావడానికి ఏండ్లు పట్టవచ్చును. నోరు విప్పడానికి ఒక్క దినము చాలును.