బెంగళూరు–హైదరాబాద్: వెంకటమ్మనహళ్లి లెక్క

బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి సూటి దూరం సుమారు 455 కిలోమీటర్లు. రోడ్డు మీద రెండు నగరాల మధ్య 570 దాకా వస్తుంది. పైకెక్కాక జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన అరగంట పైచిలుకు చాలు. కానీ టికెట్టు మీద గంటంబావు దాకా కనిపిస్తుంది. కారణం, అక్కడ వేసేది గాలిలో ఉండే సమయం ఒక్కటే కాదు. విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల ఆగి నిలిచేదాకా పట్టేదంతా అందులో ఉంటుంది. రన్‌వే దాకా నడక, వంతు కోసం ఆగడం, ఎక్కడం, దిగడం అన్నీ కలిసిపోతాయి. ఇంత దగ్గరి మార్గంలో పూర్తి వేగంతో సాగేది కాసేపే.

అయితే ఆ గంటంబావు నగరవాసి లెక్క. తుమకూరు జిల్లా పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి నుంచి బయల్దేరే మనిషి లెక్క వేరు. కర్ణాటకలోదే అయినా పావగడ తాలూకా చుట్టూ దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్ నేలే. తెలుగు అక్కడ ఇంటి మాట. పావగడ నుంచి బెంగళూరు విమానాశ్రయం సూటిగా 110 కిలోమీటర్లే. కానీ మడకశిర, హిందూపురం, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం చుట్టి వెళ్లాలంటే మూడు గంటలు పడుతుంది. బస్సులు మారేవారికి ఇంకా ఎక్కువ. రెండు గంటలు ముందుగా చేరాలి. శంషాబాద్‌లో దిగాక సామాను తీసుకుని ఊళ్లోకి వెళ్లడానికి మరో గంటన్నర. మొత్తం ఎనిమిది గంటలకు చేరువ. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి అనంతపురం, కర్నూలు మీదుగా కారులో పోయినా ఇంచుమించు అంతే. విమానం ఖర్చు పెంచింది, పొద్దు మాత్రం మిగల్చలేదు.

పుట్టపర్తి విమానాశ్రయం పావగడకు సూటిగా 55 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1990లో మొదలైంది. రోజువారీ ప్రయాణికుల విమానాలు మాత్రం అక్కడ లేవు. ధర్మవరం దాకా వెళ్తే 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ దొరుకుతుంది. ఈ ప్రాంతపు మనిషికి విమానం కన్నా అక్కరకొచ్చేది అదే.

పావగడకు మాత్రం సొంత రైలు ఇంకా రాలేదు. కల్యాణదుర్గం, పావగడ, మధుగిరి మీదుగా వేయాల్సిన రాయదుర్గం–తుమకూరు మార్గం 207 కిలోమీటర్లు. 2007–08లో మంజూరైంది. రాయదుర్గం వైపు కొంత మేర రైలు నడుస్తున్నా, మార్గం ఇంకా పూర్తి కాలేదు. విమానాల వేళలు పెంచడం కన్నా ముందు ఈ మార్గం పూర్తి కావాలి. కేంద్రమూ, రెండు రాష్ట్రాలూ మిగిలిన భూమి, డబ్బు వెంటనే సమకూర్చాలి.