లాంగ్ టర్మ్ కట్టలేని ఇంటికీ ఒక సీటు

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. బైపీసీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క తెలియనివాళ్లు లేరు. సీటును తేల్చే లెక్క మాత్రం వేరే ఉంది. ఇంటర్ అయిపోయాక పిల్లను ఇంకెన్నేళ్లు ఖాళీగా ఉంచి చదివించగలం అన్నదే ఆ లెక్క. పరీక్ష ఎన్నిసార్లయినా రాయొచ్చు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో ఎత్తేశారు. పైకి ఇది అందరికీ మేలుచేసే సడలింపులాగే ఉంటుంది. కానీ రెండో ఏడు, మూడో ఏడు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టగల ఇంటికే అది అక్కరకొస్తుంది. మొదటిసారి తప్పితే డిగ్రీలోనో నర్సింగ్‌లోనో చేరక తప్పని పిల్లకు, ఎన్నిసార్లయినా రాయొచ్చనే హక్కు కాగితం మీదిదే. అందుకే ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివినవాళ్లకు వైద్య సీట్లలో విడిగా వాటా ఉండాలని అంటున్నాను.

దీనికి గట్టి ఆధారం పొరుగు రాష్ట్రంలో ఉంది. నీట్ ప్రభావాన్ని పరిశీలించేందుకు తమిళనాడు 2021లో జస్టిస్ ఎ.కె.రాజన్ కమిటీని వేసింది. వైద్య కళాశాలల్లో చేరినవారిలో మళ్లీ రాసి సీటు తెచ్చుకున్నవాళ్లు 2016-17లో 12 శాతం చిల్లర. 2020-21కి వాళ్లు 71 శాతం దాటారని ఆ కమిటీ లెక్క తేల్చింది. నాలుగేళ్లలో పిల్లల తెలివి అంతగా మారిపోదు కదా, మారింది పరీక్ష. ఇంటర్‌తో పాటే సీటు వచ్చే రోజులు పోయి, ఇంటర్ తర్వాత ఏడాది కొనుక్కోవలసిన రోజులు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి కమిటీ ఏదీ వేయలేదు. గుంటూరు, ఒంగోలు రోడ్ల పక్కన ఉన్న లాంగ్ టర్మ్ హోర్డింగులు చూస్తే ఇక్కడ పరిస్థితి వేరుగా ఉందని మాత్రం ఎవరూ అనరు.

మిర్చి, పత్తి పండించే ఇంట్లో ఆ ఏడాది ఖరీదెంతో చూద్దాం. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసింది. 2025 ఆరంభంలో పంట ఉన్నా ధర లేక, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. తక్కువ ఫీజుతో వచ్చే కన్వీనర్ సీటు తప్పితే మిగిలే దారి బి కేటగిరీ. 2023లో రాష్ట్రం తెరిచిన కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనే ఆ సీటు ఫీజును ఏడాదికి 12 లక్షలుగా నిర్ణయించారు. కేంద్రం కట్టిన ఆ ధరకు 12 లక్షలు రావాలంటే 102 క్వింటాళ్ల మిర్చి అమ్మాలి. బాగా పండితే ఎకరాకు పాతిక క్వింటాళ్లు అనుకున్నా, పురుగుమందులు, కూలీలు, కౌలు ఏవీ తీయకముందే నాలుగెకరాల పంట. అది ఒక్క ఏడాది ఫీజుకే. కాబట్టి కౌలు రైతు బిడ్డకు బి కేటగిరీ అన్నది లేనట్టే. ఉన్నదల్లా కన్వీనర్ సీటు. దాని కటాఫ్‌ను పెంచుతున్నది, ఆ రైతు కట్టలేని లాంగ్ టర్మే.

తమిళనాడు దీనికి మందు కనిపెట్టింది. జస్టిస్ కలైయరసన్ కమిటీ 10 శాతం సూచిస్తే, ప్రభుత్వం 7.5 శాతానికి తగ్గించి 2020లో చట్టం చేసింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి, నీట్‌లో అర్హత సాధించినవాళ్లకే ఇది వర్తిస్తుంది. అంతకు ముందు వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ఆ పిల్లలు, చట్టం వచ్చిన తొలి ఏడాదే వందల్లో చేరారు. 2022లో మద్రాసు హైకోర్టు కూడా ఈ చట్టాన్ని నిలబెట్టింది. ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి సీటివ్వడం మనకూ కొత్తేమీ కాదు. 371డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద లోకల్ అని తేల్చేది ప్రధానంగా చివరి నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివారన్నదే. గుంటూరు, ప్రకాశం పిల్లలను ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కింద చేరుస్తున్నది ఆ లెక్కతోనే. ఏ ప్రాంతమని అడుగుతున్న ప్రభుత్వం, ఏ బడి అని అడగడానికి ఎందుకు జంకాలి?

ప్రతిభ దెబ్బతింటుందన్నది మొదటి అభ్యంతరం. అది ఎన్ని సీట్ల సంగతో చూడాలి. గుంటూరు వైద్య కళాశాలలో 250 సీట్లు, ఒంగోలులో 120. అఖిల భారత కోటా పోగా మిగిలిన 85 శాతంలో 7.5 శాతమంటే గుంటూరులో పదహారు, ఒంగోలులో ఏడెనిమిది. అవీ నీట్ గట్టెక్కినవాళ్లకే. పైగా 12 లక్షలు కట్టేవారికి కన్వీనర్ కటాఫ్‌కన్నా తక్కువ ర్యాంకుకే సీటిస్తున్నప్పుడు గుర్తుకురాని ప్రతిభ ఇక్కడే గుర్తుకురావడం వింత. ఇప్పటికే రిజర్వేషన్లు ఉన్నాయి కదా అనేది రెండో మాట. ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ప్రతి వర్గంలోనూ లాంగ్ టర్మ్ కట్టగలిగినవాళ్లు, కట్టలేనివాళ్లు ఉంటారు. ఈ వాటాను ప్రతి వర్గం లోపలే అమలు చేయాలి. చివరి రెండేళ్లకు ప్రభుత్వ కాలేజీలో పేరు రాయించి, చదువు బయట చదువుతారన్న భయం ఉంది. ఆరు నుంచి పన్నెండు దాకా అన్న ఏడేళ్ల షరతు ఉన్నది దానికే.

ముందు కాలేజీలను బాగు చేయండి అనే మాట వీటన్నిటికన్నా బరువైనది. 2025-26 నుంచి ఇంటర్ మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చారు, మంచిదే. గుంటూరు పక్కన అడవితక్కెళ్లపాడులో ఉన్నట్టు గురుకులాల్లో నీట్ శిక్షణ కేంద్రాలూ నడుస్తున్నాయి. కానీ అవి రాష్ట్రం మొత్తానికి కొన్నే. లెక్చరర్ పోస్టులు నిండి, ల్యాబులు నడిచి ఫలితం వచ్చేసరికి ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్ల పెళ్లి కూడా అయిపోతుంది. రెండూ కలిసే నడవాలి.

రోగుల వైపు నుంచీ చూడాలి. పశ్చిమ ప్రకాశంలో కనిగిరి చుట్టూ ఫ్లోరైడ్, మూత్రపిండాల జబ్బులు. మిర్చి చేలల్లో మందు పిచికారీ చేసి ఆస్పత్రికి చేరేవాళ్లు. పల్లెల్లో నిలిచే వైద్యులు కావాలంటే పల్లె నేపథ్యం ఉన్నవాళ్లను చేర్చుకునే ప్రవేశ విధానం పెట్టుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సిఫారసు చేసింది. మార్కాపురం, బాపట్ల వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి (పీపీపీ) ఇవ్వాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం మీద వాదులాట సాగుతూనే ఉంది. కట్టేది ఎవరన్న దాని మీద జరిగిన చర్చలో సగమైనా, అందులో కూర్చునేది ఎవరన్న దాని మీద జరగలేదు. వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌కు ముందే 7.5 శాతం బిల్లు పెట్టమని గుంటూరు, ప్రకాశం ఉమ్మడి జిల్లాల శాసనసభ్యులు పార్టీలు పక్కనపెట్టి అడగాలి.