గ్రెప్ మౌనం ప్రమాణమా? – విండోస్ కంప్యూటర్లపై యూనిక్స్ పరికరాలు, పాఠశోధన

భూతలంపై ఘటం లేదన్న జ్ఞానం ఎట్లా కలుగుతుందన్న ప్రశ్నకు భాట్టమీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని సమాధానంగా చెప్పారు. అయితే కేవలం కనిపించకపోవడం ప్రమాణం కాజాలదని, అది యోగ్యానుపలబ్ధి కావాలని కూడా శాస్త్రం నియమించింది. ఘటం అక్కడ ఉండి ఉంటే తప్పక కనిపించేదే అని చెప్పగల పరిస్థితిలో కనిపించనప్పుడు మాత్రమే దాని అభావం సిద్ధిస్తుంది. చీకటి గదిలో ఘటం కనబడలేదు కనుక ఘటం లేదనడం ప్రమాణబద్ధం కాదు. కంప్యూటరుపై కావ్యపాఠాలను శోధించే నేటి పరిశోధకునికి ఈ నియమం ప్రాణప్రదమైనది. అయినా దానిని పాటించవలసిన చోటనే అది విస్మృతమవుతున్నది.

పూర్వం ఒక కావ్యంలోని పదప్రయోగాలను లెక్కించాలంటే చీటీలు రాసి, అకారాదిగా పేర్చి, చేతితో గణించేవారు. నేడు కావ్యపాఠం ఫైలుగా దొరికితే ఆ పని క్షణాలలో జరుగుతుంది. ఇందుకు అత్యంత సమర్థమైనవి యూనిక్స్ సంప్రదాయానికి చెందిన చిన్న చిన్న ఆజ్ఞాపరికరాలు. గ్రెప్ పదాన్ని వెదకుతుంది. సార్ట్ పంక్తులను క్రమంలో పెడుతుంది. యూనిక్ పక్కపక్కనే ఉన్న సమాన పంక్తులను ఒకటిగా చేసి సంఖ్య చెబుతుంది. డిఫ్ రెండు ప్రతులను సరిపోల్చి పాఠభేదాలను చూపుతుంది. 1969లో బెల్ పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఆరంభించిన యూనిక్స్‌లో, ఒక పరికరం ఫలితాన్ని మరొక పరికరానికి నేరుగా అందించే ‘పైపు’ పద్ధతి 1973లో చేరింది. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితులచేత అనేక ప్రతులను సరిపోల్చించి చేయించిన పనిలో యాంత్రికమైన భాగాన్ని ఈ పరికరాలు నేడు నెరవేర్చగలవు. నిర్ణయభాగం మాత్రం నాడూ నేడూ పండితునిదే.

చిక్కు ఎక్కడంటే, ఈ పరికరాలు పుట్టిన ఇల్లు ఒకటి, అవి పనిచేయవలసి వచ్చిన ఇల్లు మరొకటి. కళాశాలలలో, ఇళ్లలో ఉండే కంప్యూటర్లు అధికభాగం విండోస్‌వి. 1995లో మొదలైన సిగ్విన్, ఆ తరువాత వచ్చిన గ్నూవిన్32, గిట్‌తో పాటు వచ్చే బ్యాష్, 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థయే ప్రకటించిన డబ్ల్యు.ఎస్.ఎల్. అనే లినక్స్ ఉపవ్యవస్థ ఈ రెండిండ్లకూ వంతెనలు. వంతెన దాటేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు విధాలు: వాచాలదోషాలు, మౌనదోషాలు.

వాచాలదోషం తానే అరుస్తుంది. ఆజ్ఞ కనుగొనబడలేదని తెర మీద కనిపిస్తే పరికరమున్న ఫోల్డరు పేరు ‘పాత్’ జాబితాలో చేరలేదని అర్థం. యూనిక్స్ ఫైండ్‌కు చెందిన వాక్యం ఇస్తే విండోస్‌లో అదే పేరున్న వేరొక పరికరం బదులు పలికి, ఆజ్ఞారూపం సరికాదని తిప్పికొట్టవచ్చు. ఇవి విసుగు కలిగిస్తాయే కాని శాస్త్రానికి హాని చేయవు. మౌనదోషం అట్లా కాదు. ఆజ్ఞ నడుస్తుంది, ఫలితం వస్తుంది లేదా శూన్యం వస్తుంది, ఎక్కడా ఆక్షేపణ ఉండదు. ఆ ఫలితమే సిద్ధాంతవ్యాసంలోకి ఎక్కి, “ఈ కవి ఈ పదాన్ని ప్రయోగించలేదు” అన్న నిర్ణయంగా ముద్రితమవుతుంది.

మౌనదోషాలలో మొదటిది పంక్త్యంతానికి సంబంధించినది. యూనిక్స్ పంక్తి చివర ఒకే సంకేతాన్ని (సంఖ్య 10) ఉంచుతుంది. విండోస్ రెండింటిని (13, 10) ఉంచుతుంది. విండోస్‌లో టైపు చేసిన కావ్యాన్ని డబ్ల్యు.ఎస్.ఎల్.లోని గ్రెప్‌కు ఇచ్చి, పంక్తి చివర ‘డు’ ఉన్నవాటిని చూపుమంటే ఒక్కటీ రాదు. ఆ యంత్రం దృష్టిలో ‘డు’ తరువాత 13 అనే అదృశ్యసంకేతం ఉన్నది. రెండు ప్రతులలో ఒకటి విండోస్ పద్ధతిలోను, మరొకటి యూనిక్స్ పద్ధతిలోను ఉంటే డిఫ్ ప్రతి పంక్తినీ పాఠాంతరంగానే చూపుతుంది; పదసూచిలో ఒకే పదం రెండు పదాలుగా లెక్కకు వస్తుంది. డాస్‌టుయూనిక్స్ అనే పరికరంతో ఫైళ్లన్నిటినీ ముందే ఏకరూపం చేయడం దీనికి నివారణ.

రెండవది అక్షరసంకేతాలకు సంబంధించినది. 1991లో యూనికోడ్ తొలి సంపుటంలోనే తెలుగు చేరింది. కాని విండోస్‌లో యూనికోడ్‌కు పూర్వపు ‘కోడ్‌పేజీ’ పద్ధతిలో తెలుగుకు స్థానం లేనే లేదు. ఆ పాత పద్ధతిలో నిర్మించిన పరికరానికి ఆజ్ఞాపంక్తిపై తెలుగు పదమిస్తే, అది చేరేలోపే ఒక్కొక్క అక్షరసంకేతం ప్రశ్నార్థకంగా మారిపోతుంది. పరికరం ఆ ప్రశ్నార్థకాలనే కావ్యమంతటా వెదకి, లేవని నిశ్శబ్దంగా విరమిస్తుంది. పదాన్ని యూటీఎఫ్-8లో ఒక ఫైలుగా భద్రపరచి, ఆ ఫైలునుండి చదువుమని గ్రెప్‌కు చెబితే ఈ దోషం తప్పుతుంది. అయితే కొన్ని సంపాదక సాధనాలు ఫైలు మొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తును తామే చేరుస్తాయి. అప్పుడు ఆ గుర్తు కూడా పదంలో భాగమై, శోధన మళ్లీ విఫలమవుతుంది. ఇక విండోస్ 10, 11లతో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఫలితాన్ని బాణపు గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే అది యూటీఎఫ్-16గా మారుతుంది. తెరపై చక్కని తెలుగే కనిపించినా గ్రెప్‌కు అది అన్యలిపి.

మూడవది క్రమానికి, గణనకు సంబంధించినది. విండోస్‌లోనూ సార్ట్ అనే పరికరమున్నది; ‘పాత్’లో ఏది ముందుంటే అదే పనిచేస్తుంది. విండోస్ సార్ట్ సాధారణంగా రోమన్ పెద్ద, చిన్న అక్షరాలకు భేదం పాటించదు. హార్వర్డ్-క్యోటో పద్ధతిలో రాసిన సంస్కృతపాఠంలో హ్రస్వదీర్ఘాలకు, త-టలకు ఉన్న భేదం ఆ పెద్ద, చిన్న అక్షరాల మీదనే నిలిచి ఉన్నది. అటువంటి పాఠాన్ని ఆ సార్ట్‌కు అప్పగిస్తే భిన్నపదాలు కలగలిసిపోతాయి. పక్కపక్కనే ఉన్నవాటినే లెక్కించే యూనిక్ ఒకే పదాన్ని పలుచోట్ల పలు సంఖ్యలతో చూపుతుంది. తెలుగులిపిలో సైతం యూనికోడ్ సంఖ్యల వరుసనే పాటిస్తే ళకారం లకారవకారాల నడుమ వస్తుంది. హకారం తరువాత ళకారాన్ని చదివే సంప్రదాయవర్ణమాలకు ఇది సరిపడదు. ఛందోగణనలోనూ ప్రమాదమున్నది. ‘స్త్రీ’ అన్నది ఛందస్సుకు ఒక్క అక్షరం. యూనికోడ్‌కు ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. అక్షరాలు లెక్కించే ఆజ్ఞ ఇచ్చిన సంఖ్య ఈ మూడింటిలో ఏదో తెలియక పద్యపాదాన్ని కొలవడం వ్యర్థం.

నాల్గవది పాఠంలోనే దాగినది. ఐత్వాన్ని ఒకే సంకేతంగాను రాయవచ్చు, ఎత్వం, ఐత్వచిహ్నం అనే రెండు సంకేతాలుగాను రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. పొల్లు తరువాత అక్షరాలు కలవకుండా చేర్చే అదృశ్యసంకేతం కూడా ఇట్టిదే. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డి.టి.పి. ఫాంట్లలో కూర్చిన గ్రంథాల ఫైళ్లలోనైతే తెలుగే లేదు. లోపల ఉన్నవి రోమన్ సంకేతాలు, తెలుగు కేవలం వేషం.

ఇన్ని దోషాల మధ్య పరిశోధకుడు దారితప్పకుండా ఉండడానికి మార్గం అన్వయవ్యతిరేకపరీక్షయే. కావ్యంలో నిశ్చయంగా ఉన్నదని ముద్రితప్రతిలో కంటితో చూసిన ఒక పదాన్ని ముందుగా వెదకాలి. అది దొరకకపోతే దోషం కావ్యానిది కాదు, సాధనానిది. అప్పుడు ఫైలులోని ఒక ఆంగ్లపదాన్నో అంకెనో వెదకాలి. అది దొరికి తెలుగు దొరకకపోతే దోషం అక్షరసంకేతాలలో ఉన్నట్లు. పంక్తి మధ్య దొరికి పంక్తి చివర దొరకకపోతే దోషం పంక్త్యంతంలో ఉన్నట్లు. ఒక మార్పు చేసి ఒకసారి పరీక్షించాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది కారణమో తేలదు. సందేహం తీరకుంటే ఓడీ అనే పరికరంతో ఫైలులోని బైట్లను సంఖ్యలుగా చూడాలి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొదటిది 224, రెండవది 176 లేదా 177. దేవనాగరి అయితే రెండవది 164 లేదా 165. మొదట 255, 254 కనిపిస్తే అది యూటీఎఫ్-16. పంక్తుల చివర 13 కనిపిస్తే అది విండోస్ పద్ధతి. తాళపత్రంపై లేఖకుని హస్తాన్ని గుర్తుపట్టగలిగిన వారికి ఈ నాలుగైదు సంఖ్యలను గుర్తుంచుకోవడం భారం కాదు.

ఇదంతా సాంకేతికుల పని, పండితులకెందుకన్న ఆక్షేపం వినవస్తుంది. యంత్రం చెడినప్పుడు సాంకేతికుడు బాగుచేయగలడు. యంత్రం చెడిందని గుర్తించడమే ఇక్కడి సమస్య. ఒక ప్రబంధంలో ఒక పదం సున్నాసార్లు వచ్చిందంటే సాంకేతికునికి అది ఒక సంఖ్య. ఆ సున్నా అసంభవమని శంకించగలవాడు ఆ ప్రబంధాన్ని చదివినవాడే. కనుక మౌనదోషాన్ని పసిగట్టే అధికారం, బాధ్యత పాండిత్యానివే.

విండోస్‌ను వదలి లినక్స్‌ను ఆశ్రయిస్తే సరిపోతుందన్నది మరొక వాదం. పరికరాల పేర్ల కలహం, కోడ్‌పేజీ చిక్కు దానితో చాలావరకు తీరుతాయి, డబ్ల్యు.ఎస్.ఎల్. వల్ల విండోస్‌లోనే తీరే మార్గం కూడా ఏర్పడింది. కాని ఫైళ్లు వచ్చేది విండోస్ కంప్యూటర్లనుండే. అవి తమ పంక్త్యంతాలను, ఆదిచిహ్నాలను, ద్విరూపసంకేతాలను వెంటబెట్టుకొనే వస్తాయి. ఇల్లు మారినంతమాత్రాన సామానులోని చెద పోదు.

కాబట్టి ప్రాచ్యకళాశాలల పరిశోధనాపద్ధతుల బోధనలో ఈ విషయానికి చోటు కల్పించడం యుక్తం. ఇందుకు కొత్త శాస్త్రం అక్కరలేదు. పాఠపరిష్కరణశాస్త్రంలోనే ఇది ఒక ప్రకరణం కాదగినది. పరిష్కర్త తాను ఉపయోగించిన ప్రతుల వివరాలను పీఠికలో చెప్పే ఆచారమున్నది. పదగణనపై ఆధారపడిన సిద్ధాంతవ్యాసం కూడా అట్లే తాను శోధించిన ఫైలు ఎక్కడిది, ఏ సంకేతపద్ధతిలో ఉన్నది, ఏ పరికరంతో ఏ ఆజ్ఞతో లెక్కించినది, తెలిసిన పదంతో ముందుగా పరీక్షించినదా అన్న నాలుగు విషయాలను చెప్పాలి. అవి లేని సంఖ్యలను పరీక్షకులు అంగీకరించకూడదు. ‘లేదు’ అన్న నిర్ణయాన్నైతే ఈ పరీక్ష లేకుండా స్వీకరించనే కూడదు.

ఒక్క అబద్ధపు సున్నా వల్ల ఒక పదం అర్వాచీనమని తేలవచ్చు. ఆ కారణంగా ఒక పద్యం ప్రక్షిప్తమని, ఒక గ్రంథం ఆ కవిది కాదని తీర్మానాలు పుట్టవచ్చు. తరువాతివారు ఆ తీర్మానాన్నే ఉదాహరిస్తారు కాని దాని వెనుకనున్న ఫైలును తెరిచి చూడరు. గదిలో దీపం వెలిగిందో లేదో చూసుకొన్న తరువాతనే ఘటం లేదనాలన్న పూర్వుల నియమం గ్రెప్‌కూ వర్తిస్తుంది.