పత్తాలు ఆడుతున్నారని తిట్టకండి

మొన్న సెలవులకి మా ఆపా కూతురు ముగ్గురు దోస్తుల్ని ఇంటికి తీసుకొచ్చింది. అందరూ ఎంబీబీఎస్ పిల్లలే. ఇషా నమాజ్ అయ్యాక చూస్తే చాప మీద గుండ్రంగా కూర్చుని పత్తాలు పంచుకుంటున్నారు. అమ్మీకి కోపం నషాళానికంటింది. "ఇంట్లో జూవానా? తోబా తోబా!"

దగ్గరికెళ్లి చూస్తే అవి పాత షాదీ రుఖాలు కత్తిరించి చేసిన ముక్కలు. కొన్నిటి మీద మెదడు నుంచి బయల్దేరే 12 జతల నరాల పేర్లు, మిగతావాటి మీద మరీజుల బాధలు. బాధ ముక్క తీసినవాళ్లు జబ్బు ఎక్కడుందో చెప్పాలి. తప్పయితే ఎందుకు తప్పో పక్కవాళ్లు చెప్పాలి. పైసా పందెం లేదు.

మా పిల్ల ఒక ముక్క తీసి చదివింది: "మూతి వంకరపోయింది. కానీ నుదురు ముడత పడుతోంది."

నా గుండె ఆగినంత పనైంది. నాలుగేళ్ల కింద ఫజర్ వేళ మా అబ్బాకి అచ్చం అదే. కనుబొమలు ఎగరేసి మమ్మల్ని నవ్వించారు కూడా. లఖ్వాలే అనుకుని జుహర్ దాకా ఇంట్లోనే ఉంచాం. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ హుకుం అందుతుందట. అది కదులుతూ మూతి ఒక్కటే జారితే గడబిడ ఏడో నరంలో కాదు, మెదడులో. అంటే ఫాలిజ్. రక్తపు గడ్డ కరిగించే సూదికి మొహలత్ నాలుగున్నర గంటలే. మాకది దాటిపోయింది. (ఈ తేడా తేల్చడం డాక్టర్ల పని. మూతి జారితే మనం దవాఖానాకి పరుగెత్తడమే.)

వైద్య విద్యార్థులకి నరాల సబక్ అంటే ఉండే ఖౌఫ్‌కి 1994లో జోజెఫోవిచ్ అనే అమెరికా డాక్టర్ 'న్యూరోఫోబియా' అని పేరే పెట్టాడు. ఖౌఫ్ ఉన్న పిల్ల క్లాసులో నోరు తెరవదు. చాప మీదైతే పదిసార్లు తప్పు చెప్పి పదిసార్లు నవ్వుతుంది. ఆ తప్పులు అక్కడే అయిపోవాలి, ఎవరి అబ్బా మంచం దగ్గరో కాదు. అందుకే కాలేజీలు దీన్ని చాటుమాటు ఖేల్‌గా వదిలేయకుండా సబక్‌లోనే కలపాలంటాను.

ఫోన్‌లో గడియారం పెట్టి పాయింట్లిచ్చే ఆటలంటే నాకంత నమ్మకం లేదు. గెలవాలన్న తొందరలో అందాజాగా నొక్కేస్తారు, జవాబు కుదిరితే ఎందుకని ఆగరు. ఆట అయ్యాక ఉస్తాద్ పక్కన కూర్చుని "ఎలా చెప్పావ్?" అని అడగాలి. అది లేకపోతే అమ్మీ అన్నట్టు టైంపాసే. ఇక మరీజ్ చెయ్యి పట్టుకుని మాట్లాడటం ఏ ముక్కలూ నేర్పవు, దానికి వార్డుకే పోవాలి.

ఇదంతా విని అమ్మీ ఏమీ అనలేదు. అల్మారాలోంచి ఇంకో కట్ట రుఖాలు తెచ్చి పిల్లల ముందు పెట్టింది.