పిలుపులకు లెక్క కట్టిన చట్టము



ప్రక్కయింటి మురుగునీరు మన పెరటిలోనికి వచ్చినను, పొరుగువారి పిండిమర తెల్లవారకమునుపే గోడలను అదరగొట్టినను, దిక్కులేక పడియున్న పాడుకొంపలో పాములు చేరినను, ముందుగా బాధపడువారు ఇంట ఎక్కువ ప్రొద్దు గడపు స్త్రీలును పిల్లలును. ఇట్టి బాధను న్యాయస్థానములలో న్యూసెన్సు అందురు. ఆ మాట మనవారి నోళ్లలో నలిగి నలిగి తెలుగుమాటయే యైపోయినది. ఇరుగుపొరుగుల నెమ్మదికై పుట్టిన యీ చట్టము ఒక్కొక్కచోట ఆడుదాని మెడకు ఎట్లు చుట్టుకొనినదో ఈ నెల ముచ్చటింపదలచితిమి.

మన దేశపు త్రోవ పాతదే. ఊరివారికి కీడు కలిగించుదానిని తొలగింపుమని ఆజ్ఞాపించు అధికారము ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు కలదు. అది మునుపు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 133వ సెక్షను. 2024 జులై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను. మధ్యప్రదేశమందలి రత్లాము పట్టణమున మురుగుకాలువలు సరిగా లేక మలినము వీథివెంట పాఱుచుండగా, అచ్చటి నివాసులు ఆ 133వ సెక్షనునే పట్టుకొని మేజిస్ట్రేటు కడకు పోయిరి. తమకడ ధనము లేదని పురపాలక సంఘము వాదించెను. 1980లో సుప్రీముకోర్టున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గార్లు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. ఈ చట్టము దేనిని చూచుచున్నదో గమనింపుడు. కాలువను చూచుచున్నది, పొగగొట్టమును చూచుచున్నది, కూలబోవు గోడను చూచుచున్నది. మొఱపెట్టుకొన్నవారు ఎన్నిమాఱులు మొఱపెట్టిరో అది లెక్కింపదు.

అమెరికాలో అనేక పురపాలక సంఘములు ఆ లెక్కయే ఆరంభించినవి. మన ఆడపడుచులు, కోడండ్రు, మనుమరాండ్రు ఆ దేశపు అద్దెయిండ్లలో ఎందఱో కాపురములు చేయుచున్నారు గనుక ఆ సంగతి మనకును కావలసినదే.

ఆ చట్టములు పుట్టుటకు కారణము లేకపోలేదు. మత్తుమందులమ్ము కొంపలు, అర్ధరాత్రి తుపాకులు ప్రేలు కొంపలు ఒక్కొక్క పేటను పాడుచేసినవి. వాని ప్రక్కన వసించు పేదతల్లులు బిడ్డలను వాకిటనైనను ఆడుకొననీయలేకపోయిరి. పోలీసులు ఎన్నిమాఱులు వచ్చిపోయినను ఫలము లేకపోగా, ఇంటి యజమానినే బాధ్యుని చేయవలయునని నగరసభలవారు తలపోసిరి. ఇన్ని దినములలో ఇన్నిమాఱులు పోలీసులు ఒక యింటికి రావలసివచ్చినయెడల దానిని న్యూసెన్సు ఇల్లుగా నిర్ణయింతురు. యజమానికి తాఖీదు పోవును. అతడు చక్కబెట్టకున్నచో జుల్మానా వేయుదురు. కొన్నిచోట్ల పోలీసుల రాకపోకల ఖర్చు రాబట్టుదురు. మఱికొన్నిచోట్ల ఇల్లు అద్దెకిచ్చు అనుమతిపత్రమునే రద్దు చేయుదురు. మిల్వాకీ నగరమున ముప్పది దినములలో మూడుమాఱులైన చాలును, తాఖీదు బయలుదేఱును.

ఉపాయము తెలివైనదే. ఐతే చక్కబెట్టుట యనగా నేమి? యజమానికి అన్నిటికంటె సులువైన చక్కబాటు, అద్దెకున్నవారిని ఖాళీ చేయించుటయే. ఇక పోలీసులను మాటిమాటికి పిలుచువారెవరో మేము మీకు చెప్పనక్కఱలేదు. త్రాగివచ్చి తలుపు బాదువానికి భయపడు స్త్రీ పిలుచును. మాథ్యూ డెస్మండు, నికోల్ వాల్డెజ్ అను పరిశోధకులు 2008, 2009 సంవత్సరములలో మిల్వాకీ పోలీసులు పంపిన తాఖీదులను పరిశీలించి 2013లో తమ వ్యాసమును ప్రకటించిరి. ఆ తాఖీదులలో సుమారు మూడవవంతు గృహహింసనుబట్టి పుట్టినవే. అట్టి తాఖీదులందిన యజమానులలో పెక్కురు దెబ్బలుతిన్న స్త్రీని ఇల్లు వెడలగొట్టుటచేతనో, ఇక పిలిచినచో వెడలగొట్టెదమని బెదరించుటచేతనో న్యూసెన్సును తొలగించిరి. నల్లజాతివారు వసించు పేటలకే ఇట్టి తాఖీదులు హెచ్చుగా పోయెననియు వారు కనుగొనిరి.

పెన్సిల్వేనియా రాష్ట్రమున నారిస్‌టౌను అను పట్టణము కలదు. అచ్చటి చట్టము ప్రకారము నాలుగు నెలలలో మూడుమాఱులు అల్లరి జరిగెనని పోలీసులు వ్రాసికొన్నయెడల అద్దె అనుమతి పోవును. గృహకలహమునకు పోలీసులు వచ్చుటయు ఆ లెక్కలోనిదే. 2012లో చంటిబిడ్డ తల్లియైన ఒక యువతి తన్ను కొట్టుచున్న మాజీ ప్రియునిగూర్చి పోలీసులను పిలిచిన పిమ్మట, లెక్క నిండుచున్నదని ఆమెకు హెచ్చరిక కలిగెను. నాటినుండి ఆమె పిలుచుట మానుకొనెను. ఆ జూను నెలలో వాడు విఱిగిన గాజుతో ఆమె మెడను పొడిచినాడు. నెత్తురోడుచుండియు, పోలీసులను పిలువవలదు, ఇల్లు పోవునని ఆమె పొరుగువారిని బతిమాలుకొన్నది! పొరుగువారు వినక పిలిచిరి. హెలికాప్టరుమీద ఆమెను ఆసుపత్రికి చేర్చిరి. ఆమె ప్రాణములతో తిరిగివచ్చునప్పటికి పట్టణాధికారులు, ఆమెను ఖాళీ చేయింపుమని యజమానిని ఒత్తిడి చేయుచుండిరి. యజమానికి ఆమెను పంపివేయు కోరికయే లేదు. ఆ పొరుగువారు ఆమె మాట వినియుండినచో ఏమై యుండునో తలచుకొనుటకైనను మాకు మనసొప్పదు.

2013లో ఆమె దావా వేసినది. 2014లో పట్టణము రాజీకి వచ్చి 4,95,000 డాలర్లు చెల్లించి ఆ చట్టమును రద్దుచేసికొనెను. సహాయమునకై పోలీసులను పిలిచినవారిని శిక్షింపరాదని ఆ రాష్ట్ర శాసనసభయు ఆ యేడే శాసించినది. మిస్సోరీ రాష్ట్రమందలి మేపుల్‌వుడ్ పట్టణముపై 2017లో వచ్చిన దావాయు ఇట్టిదే. నూట యెనుబది దినములలో రెంటికి మించి గృహహింస పిలుపులు వచ్చిన యింటివారికి అచ్చట కాపురముండు అనుమతినే తీసివేయుచుండిరి. అదియు 2018లో రాజీతో ముగిసెను.

2022లో స్త్రీలపై హింసకు సంబంధించిన కేంద్రచట్టమును పునరుద్ధరించుచు అమెరికా కాంగ్రెసు ఒక నియమమును చేర్చినది. కేంద్రమునుండి పట్టణాభివృద్ధి నిధులు పొందు ఏ స్థానిక ప్రభుత్వమును, తన యింటినుండి సహాయమునకు పిలిచినందులకు గాని, తాను బాధితురాలైన నేరమునుబట్టి గాని, ఎవరిని దండింపరాదు. అద్దెపత్రము భర్త పేరనే యుండి భార్య పేరు దానిలో లేకుండుట మనవారి యిండ్లలో తఱచు. ఈ రక్షణ పత్రమున పేరున్నవారికే కాదు, ఆ యింట కాపురముండువారికందఱికిని, అతిథులకును కలదు. ఈ సంగతి అచ్చటి మన బిడ్డలలో ఎందఱెఱుగుదురు? ఉత్తరములోనో టెలిఫోనులోనో తల్లులే తెలియజేయుట మేలు. గృహహింసకు గుఱియైనవారికి ఆ దేశమున 1–800–799–7233 అను సంఖ్య రాత్రింబవళ్లు పలుకును.

ఇదంతయు విని, మనకట్టి చట్టము లేదుగదా యని సంతోషించువారుందురు. నిజమే, లేదు. కాని మనయూళ్లలో ఇంటి యజమానులు చట్టము లేకయే ఆ పని చేయుచున్నారు. రెండు రాత్రులు ఏడుపు వినబడినంతనే, ఇది మర్యాదస్థుల ఇల్లమ్మా, నెలాఖరుకు ఖాళీ చేయుడని ఆమెతోనే చెప్పుదురు. కొట్టినవానితో మాటయైన ఆడరు. మేడల సంఘముల కూటములలోను ఈ పలుకులే వినవచ్చును. ఆ మాట పలుకువారిలో స్త్రీలును ఉండుట మాకు మిక్కిలి కష్టముగా నున్నది.

2005 నాటి గృహహింస నిరోధక చట్టము మన స్త్రీలకు ముందుగా ఇంటినే కాచుచున్నది. ఇల్లు సొంతమైనను, అద్దెదైనను, దానిపై తనకు హక్కుపత్రము ఏదియు లేకున్నను, కాపురమున్న యింట నుండుటకు ఆమెకు 17వ సెక్షను హక్కిచ్చినది. 19వ సెక్షను ప్రకారము మేజిస్ట్రేటు, కొట్టువానినే ఇల్లు విడిచి పొమ్మని ఆజ్ఞాపింపవచ్చును. అట్టి యాజ్ఞ స్త్రీపై చేయుటకు వీలులేదు. ఇంటి యజమాని ఖాళీ చేయించెనేమో యని దిగులుపడవలదు. అంతకుముందున్నట్టి వసతినే వేఱొకచోట ఏర్పఱుపుమని గాని, దాని అద్దె చెల్లింపుమని గాని భర్తను శాసింపుమని అదే సెక్షను క్రింద కోరుకొనవచ్చును. అర్జీ వ్రాయుటకు జిల్లాలోని రక్షణాధికారి సాయపడవలసియున్నది. అందులకు రుసుము లేదు. ఆపదవేళ 112, స్త్రీలకై ప్రత్యేకముగా 181 కలవు. ఈ సంఖ్యలకు ప్రక్కయింటివారును పిలువవచ్చును.